ఎఫ్‌డీ ఆర్‌ఎక్స్-7 వాక్యూమ్ హోసులు మొత్తం మారుస్తున్నా: సిలికానా, వైటానా, మామూలు రబ్బరేనా?

#1 ప్లానో_రోటరీ (ప్లానో, టెక్సాస్)

అందరికీ నమస్తే. బండి 1993 ఎఫ్‌డీ (మాజ్డా ఆర్‌ఎక్స్-7, పిస్టన్లకి బదులు రోటర్లు తిరిగే రోటరీ ఇంజిన్ది), అమెరికా మోడల్, మాన్యువల్, ట్విన్ టర్బోలు ఇంకా సీక్వెన్షియల్‌గానే (ముందు ఒకటి, తర్వాత రెండోది అందుకునేలా) ఉన్నాయి, నా ముందు ఓనర్లు ఎవరూ పీకి పారేయలేదు, అదే అదృష్టం. సమస్య ఏంటంటే చల్లగా ఉన్నప్పుడు బానే లాగుతుంది, ఎండలో కాసేపు తిరిగి ఇంజిన్ బాగా వేడెక్కాక 4500 ఆర్‌పీఎం దగ్గర రెండో టర్బో అందుకోవాల్సిన చోట బూస్ట్ (టర్బో నెట్టే గాలి ప్రెషర్) పడిపోయి ఇక లేవట్లేదు. కంపెనీ లెక్క 10-8-10 పీఎస్ఐ కదా (మొదట 10, టర్బో మారేచోట 8, మళ్ళీ 10), నాది 10 నుంచి 5కి పడి అక్కడే కూర్చుంటోంది.

సరే అని పై ఇంటేక్ మానిఫోల్డ్ తీసి చూస్తే కింద ఆ సాలెనాయిడ్ల (కరెంటుతో పనిచేసే చిన్న గాలి వాల్వులు) రాక్ మీద ఉన్న సన్న పైపులు ముట్టుకుంటే అప్పడాల్లా విరుగుతున్నాయి. ముప్పై ఏళ్ళ రబ్బరు మరి. కొన్ని నిపుల్ (పైపు ఎక్కించే మొన) మీదే గట్టిపడి అతుక్కుపోయాయి.

ఇప్పుడు నా డౌటు. ఎవర్ని అడిగినా కళ్ళు మూసుకుని సిలికాన్ వేసెయ్ అంటున్నారు, ఒకాయన మాత్రం సిలికాన్ ఆయిల్‌కి పనికిరాదు వైటాన్ వెయ్యి అన్నాడు, పార్ట్స్ షాపుకెళ్తే వాడు కౌంటర్ మీద నల్ల రోల్ పెట్టి ఇదే వాక్యూమ్ హోస్ తీస్కో అన్నాడు, ఏం రబ్బరు అంటే వాడికీ తెలీదు. ఈ మానిఫోల్డ్ తీయడం మళ్ళీ మళ్ళీ చేసే పని కాదు. ఒక్కసారి వేస్తే ఇంకో పదిహేనేళ్ళు చూడక్కర్లేకుండా ఉండాలి. వేసవిలో ఇక్కడ 40 డిగ్రీలు. ఏం వేయమంటారు?

#2 చిలకలూరిపేట_చిన్నోడు

ఆర్‌ఎక్స్ అని చూసి ఆర్‌ఎక్స్ హండ్రెడ్ అనుకుని పరిగెత్తుకొచ్చా అన్నా 😄 లోపలికొస్తే రోటరీ, టర్బో, సాలెనాయిడ్... సరే కూర్చుని చదువుతా.

#3 ఫ్రీమాంట్_బాబాయ్ (కాలిఫోర్నియా)

ప్లానో తమ్ముడూ, వెల్కమ్ టు ద క్లబ్బు. ఎఫ్‌డీ కొన్న ప్రతివాడూ ఏదో ఒక రోజు చేయాల్సిన పనే ఇది. నేను నా బండికి మొత్తం సిలికానే వేశా, చాలా ఏళ్ళయింది, ఇప్పటిదాకా ఒక్కటి పగల్లేదు. ఎక్కువ ఆలోచించకు. సన్న పైపులు చాలావరకు 4 ఎం.ఎం. లోపలి కొలత, కొన్ని చోట్ల పెద్దవి. రంగురంగుల్లో దొరుకుతాయి, ప్రెషర్ వైపుకి ఒక రంగు, వాక్యూమ్ వైపుకి ఒక రంగు, సాలెనాయిడ్ నుంచి యాక్చుయేటర్‌కి (ఆ గాలితో టర్బో తలుపుల్ని కదిపేది) ఇంకో రంగు వేస్కుంటే తర్వాత ఏదైనా వెతకాల్సొస్తే ప్రాణం సుఖంగా ఉంటుంది.

ఒక్క మాట మాత్రం విను. దేని గొట్టం దానికే, ఒకటి తీసి ఒకటి పెట్టు. అన్నీ ఒకేసారి పీకి టేబుల్ మీద పోశావంటే ఇక సర్వీస్ మాన్యువల్ డయాగ్రం ముందేసుకుని రాత్రంతా కూర్చోవాలి. ఫోటోలు తియ్, టేప్ ముక్కల మీద నంబర్లు రాసి అంటించు.

ఇంకోటి, కొందరు ఈ బాధ పడలేక సాలెనాయిడ్లూ ఎమిషన్ సామానూ మొత్తం ఎత్తేసి సింపుల్ చేస్తారు. మా కాలిఫోర్నియాలో ఆ పని చేస్తే స్మాగ్ చెక్‌లో (పొగ పరీక్ష) మూత ఎత్తి చూసి వెనక్కి పంపిస్తారు. 1976, ఆ తర్వాతి మోడల్ పాత బళ్ళకి టెస్ట్ ఉంది మాకు.

#4 ప్లానో_రోటరీ

మాకు ఆ గొడవ లేదు బాబాయ్, టెక్సాస్‌లో 24 ఏళ్ళు దాటిన బండికి ఎమిషన్ టెస్ట్ ఉండదు. కానీ నాకు సీక్వెన్షియల్ ఫీలే ఇష్టం, తీయను. కింద నుంచే మొదటి టర్బో లాగుతుంటే ఆ మజానే వేరు.

#5 జీడిమెట్ల_రబ్బర్ (హైదరాబాద్)

అన్నా నమస్తే. నేను కార్ల మెకానిక్‌ని గాదు, జీడిమెట్లల రబ్బర్ కాంపౌండింగ్ లైన్ల పనిచేస్త. మీ ఇంజిన్ నేను కళ్ళతోటి చూడలే, గని రబ్బర్ గురించి అయితే చెప్తా. కొంచెం పొడుగుంటది, ఓపికతోని చదువుండ్రి.

మొదటి ముచ్చట. "వాక్యూమ్ హోస్" అనేది రబ్బర్ పేరు గాదు, అది చేసే పని పేరు. ఆ నల్ల రోల్‌ల ఈపీడీఎం ఉండొచ్చు, నైట్రైల్ ఉండొచ్చు, నియోప్రీన్ ఉండొచ్చు, చూడనీకి అన్నీ ఒక్కతీర్గనే నల్లగ ఉంటయి. అందుకని షాపుల అడగాల్సింది ఏందంటే దాని మీద ఏం ప్రింట్ ఉంది, మెటీరియల్ ఏంది, ఎన్ని డిగ్రీల దాక ఆగుతది. చెప్పలేకపోతే తీసుకోకుండ్రి.

రెండోది, మంది ప్రెషర్ చూసి కొంటరు, "బర్స్ట్ ప్రెషర్ ఇంత" అని డబ్బా మీద రాసుంటది. మీ బూస్ట్ 10 పీఎస్ఐ అంటే 0.7 బార్ గూడ లేదు. వాక్యూమ్ ఎంత గుంజినా ఒక్క బార్ మించదు, గాలి బరువే అంత. ఇంత చిన్న పైపుకి అదొక లెక్క గాదు. పైపును చంపేటియి వేడి, ఆయిల్-పెట్రోల్ ఆవిరి, ఓజోన్, ఇంక వంపుల కాడ నలగడం. గీ నాలుగు చూడాలె.

నైట్రైల్: ఆయిల్‌కి మంచిది, పెట్రోల్‌కి గూడ బానే ఉంటది, గని 100 డిగ్రీలు దాటి ఎప్పుడూ ఉంచితే గట్టిపడ్తది, ఓజోన్‌కి పగుల్తది. మీ మానిఫోల్డ్ కిందికి వద్దు.

ఈపీడీఎం: ఓజోన్, ఎండ, నీళ్ళు, కూలెంట్ దేనికీ భయపడదు. సల్ఫర్ తోని వండిన మాల్ 125 దాక, పెరాక్సైడ్ తోని వండింది 150 దాక ఆగుతది. గని ఆయిల్ తగిలిందంటే ఉబ్బుతది, మెత్తగ అయితది, నిపుల్ మీదికెళ్లి జారుతది. శుభ్రమైన గాలి పోయే కాడ చవకల మంచి మాల్ ఇదే.

ఎపిక్లోరోహైడ్రిన్, మేం ఈసీఓ అంటం: కార్ కంపెనీలు వాక్యూమ్, ఎమిషన్ లైన్లకి బాగ వాడేటిది. ఆయిల్, పెట్రోల్ ఆవిరి, ఓజోన్ అన్నిటికీ బానే ఉంటది, గాలి లీకవ్వదు, 125-135 దాక. రీటెయిల్‌ల పేరు పెట్టి దొరకడం కష్టం, డీలర్ కాడ ఒరిజినల్ పైపు కొంటే వచ్చే అవకాశం ఉంది.

సిలికాన్: 200 దాక అలవోకగ, కింద మైనస్ 50 దాక మెత్తగనే ఉంటది, ఓజోన్ ఏం చెయ్యదు. తక్కువ ఏందంటే చింపే బలం తక్కువ, చిన్న గాటు పడితే అక్కడికెళ్లి సర్రున చీలుతది. పెట్రోల్ తోని ఉబ్బుతది. ఇంక గాలి దాని గోడలకెళ్లి మిగతా రబ్బర్లకంటే చాన ఎక్కువ పోతది.

ఫ్లోరో సిలికాన్: సిలికాన్ లెక్కనే, గని పెట్రోల్, ఆయిల్ తట్టుకుంటది. మస్తు ఖరీదు, అందుకని లోపల పొర మాత్రం దాంతోని వేసి మీద మామూలు సిలికాన్ వేస్తరు.

వైటాన్, అంటే ఎఫ్‌కేఎం: 200 డిగ్రీలు, పెట్రోల్, ఆయిల్ ఏదైనా సరే. గట్టిగ ఉంటది, చలికి ఇంకా గట్టిపడ్తది, ధర గూడ అట్లనే ఉంటది.

ఇప్పుడు మీరు చెప్పుండ్రి, ఏ పైపుల ఏం పోతది? అది తెల్వకుండ మెటీరియల్ చెప్పుడు కుదరదు.

#6 ఫ్రీమాంట్_బాబాయ్

రబ్బర్ తమ్ముడూ, ఇంత బాగా ఎవరూ చెప్పలేదు ఇన్నేళ్ళలో. ఎఫ్‌డీలో వేడి ఎందుకు అంత ఎక్కువో నేను కలుపుతా. రోటరీలో ఇంటేక్ పోర్టులూ ఎగ్జాస్ట్ పోర్టులూ ఇంజిన్‌కి ఒకే పక్కన ఉంటాయి. కాబట్టి ఎర్రగా కాలే టర్బోలు, వాటి పైనే ఇంటేక్ మానిఫోల్డ్, ఆ మధ్యలో ఈ పైపుల గుట్ట. మామూలు పిస్టన్ ఇంజిన్లలో చాలావాటికి ఇంటేక్ ఒక పక్క ఎగ్జాస్ట్ ఇంకో పక్క కదా, ఆ సుఖం మనకి లేదు. ఇంజిన్ ఆపేశాక ఇంకా ఘోరం, ఫ్యాను లేదు గాలి లేదు, టర్బో వేడంతా పైకే లేస్తుంది.

#7 జీడిమెట్ల_రబ్బర్

ఆ ముచ్చట మంచిగ చెప్పిన్రు బాబాయ్. మా దాంట్ల ఒక మోటు లెక్క ఉంది, ప్రతి 10 డిగ్రీల వేడికి రబ్బర్ ఆయుష్షు దగ్గర దగ్గర సగం అయితదని. అందుకని 125 రేటింగ్ పైపుని 120ల పెట్టి "రేటింగ్ లోపలే ఉంది కదా" అంటే కుదరదు, రేటింగ్ అంటే ఆ వేడిల జన్మంతా ఉంటదని గాదు. కింద రాక్ మీద, టర్బో దిక్కు ఉన్నయన్నిటికీ ఈపీడీఎం గూడ వద్దంట నేను. ఫైర్‌వాల్ (ఇంజిన్‌కి, లోపల కూర్చునే చోటుకి నడిమి గోడ) కాడ, వేడికి దూరం ఉన్నకాడ వేసుకోవచ్చు.

#8 ప్లానో_రోటరీ

థాంక్స్ అన్నా, ప్రింట్ తీసి గ్యారేజ్‌లో అంటించా. ఏ పైపులో ఏం పోతుందో మాన్యువల్ చూసి రాసుకున్నా:

రాక్ మీద సాలెనాయిడ్లు, వాక్యూమ్ చాంబర్, ప్రెషర్ చాంబర్, అక్కడి నుంచి టర్బో కంట్రోల్, చార్జ్ కంట్రోల్, చార్జ్ రిలీఫ్, ప్రీకంట్రోల్, వేస్ట్‌గేట్ (బూస్ట్ హద్దు దాటకుండా తెరుచుకునే తలుపు) యాక్చుయేటర్లకి పోయేవి. వీటిల్లో గాలే. కానీ ఆ గాలి ఇంటేక్ నుంచే వస్తుంది, ఇంటేక్‌లో కాస్త ఆయిల్ జిడ్డు ఉంది (టర్బో బండి కదా).

మ్యాప్ సెన్సర్‌కి (మానిఫోల్డ్ లోపలి ప్రెషర్ కొలిచేది) పోయేది ఒకటి. ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్‌కి ఒకటి. ఆయిల్ ఫిల్లర్ మెడ నుంచి పోయే బ్రీదర్ పైపు (ఇంజిన్ లోపలి ఆవిరి పోయేది). ఆయిల్ ఇంజెక్ట్ చేసే నాజిళ్ళకి గాలి ఇచ్చే సన్న పైపులు. బ్రేక్ బూస్టర్‌ది లావుది.

#9 సుధ_944 (స్టుట్‌గార్ట్)

ఆలస్యంగా వచ్చాను. నాది పోర్షే 944, కాబట్టి రోటరీ గురించి మాట్లాడను, కానీ ఆ లిస్టులో బ్రీదర్, రెగ్యులేటర్ పైపులకి మామూలు సిలికాన్ వేయొద్దని మాత్రం గట్టిగా చెప్తాను.

బ్రీదర్ పైపులో వచ్చేది ఉత్త ఆయిల్ కాదు, దాంట్లో కాలని పెట్రోలు ఆవిరి, తేమ, యాసిడ్ అన్నీ ఉంటాయి. మామూలు సిలికాన్ దాన్ని పీల్చుకుని ఉబ్బి కొన్నాళ్ళకి బయట చెమట పట్టినట్టు జిడ్డు కారుతుంది. "నాది ఏళ్ళ తరబడి బానే ఉంది" అనేవాళ్ళ పైపు మీద ఒకసారి చెయ్యి పెట్టి రుద్ది చూడమనండి. రెగ్యులేటర్ దగ్గర కూడా అంతే, లోపల డయాఫ్రం (రబ్బరు పొర) చిరిగిన రోజు ఆ వాక్యూమ్ పైపులోకి నేరుగా పెట్రోలే వస్తుంది. అది కూడా పెట్రోల్ తట్టుకునే హోసే అయ్యుండాలి.

మా జర్మన్ బళ్ళలో బట్ట అల్లిక ఉన్న సన్న నల్ల హోస్ ఉంటుంది, 3.5 ఎం.ఎం. లోపలిది, చూడ్డానికి అచ్చం ఫ్యాక్టరీలా అందంగా ఉంటుంది. దాంతో ఇబ్బంది ఏంటంటే పైన అల్లిక చెక్కుచెదరకుండా ఉంటుంది, లోపల రబ్బరు పగిలిపోయి ఉంటుంది, కంటికి ఏమీ కనబడదు. ఇప్పుడు లోపల వైటాన్ పొర వేసి పైన అల్లికతో కూడా చేస్తున్నారు, నేను మొత్తం అదే వేసుకున్నాను.

#10 ఫ్రీమాంట్_బాబాయ్

సుధమ్మా, బ్రీదర్‌కి ఒప్పుకుంటా. కానీ మొత్తం వైటాన్ అంటే ఎఫ్‌డీలో ఇబ్బంది ఉంది. మా సాలెనాయిడ్ల ప్లాస్టిక్ నిపుళ్ళు ముప్పై ఏళ్ళు ఉడికి ఉన్నాయి, గట్టి హోస్ నెట్టేటప్పుడు పుటుక్కున విరుగుతాయి. ఒక నిపుల్ విరిగితే సాలెనాయిడే కొనాలి. సిలికాన్ మెత్తగా ఎక్కుతుంది. పైగా రాక్ మీద వంపులు చాలా బిగుతు.

#11 సుధ_944

అది నిజమేనండీ. పాత హోస్ తీసేటప్పుడు కూడా లాగకూడదు అసలు, బ్లేడుతో పొడుగునా గాటు పెట్టి ఒలిచెయ్యాలి, బ్లేడు నిపుల్‌కి తగలకుండా. కొత్తది ఎక్కించే ముందు చివర వేడి నీళ్ళలో ముంచితే వైటాన్ అయినా కాస్త మెత్తబడుతుంది.

#12 జీడిమెట్ల_రబ్బర్

ఇద్దరి మాట కరెక్టే. వైటాన్ ట్యూబ్ మామూలుగ 75 షోర్ (రబ్బర్ గట్టిదనం కొలత) దగ్గర ఉంటది, సిలికాన్ 60కి అటిటు దొరుకుతది, నెట్టేటప్పుడు ఆ తేడా చేతికి తెలుస్తది. మామూలు గ్రేడ్ వైటాన్ మైనస్ 20 దగ్గర కట్టె అయిపోతది. టెక్సాస్‌ల ఏం గాదు గని మంచు పడే ఊర్ల ఉన్నోళ్ళు ఆలోచించాలె.

సుధక్క చెప్పిందాంట్ల ఒక్క చిన్న మాట. సిలికాన్ ఆయిల్‌కి అసలే పనికిరాదు అనుడు గూడ పూర్తి నిజం గాదు. చిక్కటి ఇంజిన్ ఆయిల్ కొంచెం తగిలితే తట్టుకుంటది, రబ్బరు లోపలికి దూరేది పల్చటి ఆయిల్, పెట్రోల్, వాటి ఆవిరి. అందుకని రాక్ మీద ఇంటేక్ జిడ్డు కొంచెం తగిలే పైపులకి సిలికాన్ వేస్తే భయం లేదు. బ్రీదర్, రెగ్యులేటర్, ఆ ఆయిల్ నాజిల్ గాలి పైపులకి మాత్రం వైటాన్ లేకపోతే ఫ్లోరో సిలికాన్ లోపలిది వెయ్యుండ్రి.

#13 అపెక్స్_సీల్_ఆత్మ (మెల్‌బోర్న్)

ఇక్కడ అందరూ మెటీరియల్ గురించే మాట్లాడుతున్నారు, ఒక్కళ్ళూ మ్యాప్ సెన్సర్ పైపు సంగతి ఎత్తట్లేదు. ఎఫ్‌డీలో గాలి కొలిచే మీటర్ లేదు బాబూ, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) మ్యాప్ సెన్సర్ ప్రెషర్ చూసే పెట్రోల్ లెక్కేస్తుంది. అందుకే చిన్న లీకు ఉంటే ఐడిల్ పెరుగుతుంది, గాలి కొలిచే మీటర్ ఉన్న బళ్ళలోలాగా నేరుగా లీన్ (గాలికి తగ్గ పెట్రోల్ లేకుండా) అయిపోదు, ఎందుకంటే లోపలికొచ్చిన ఆ దొంగ గాలి కూడా ప్రెషర్‌లో కనబడుతుంది, దానికి తగ్గ పెట్రోల్ కొడుతుంది.

కానీ అదే మ్యాప్ పైపు బూస్ట్‌లో ఉండగా ఊడిందనుకో. ఇంజిన్‌లోకి 10 పీఎస్ఐ పోతోంది, సెన్సర్‌కి మాత్రం బయటి గాలి ప్రెషరే కనబడుతోంది, ఈసీయూ హాయిగా తక్కువ పెట్రోల్ ఇస్తుంది. ఒక్క క్షణం డెటనేషన్ (లోపల మంట అదుపు తప్పి పేలడం) చాలు, అపెక్స్ సీల్ (రోటర్ మూలన ఉండే సీల్) విరిగి హౌసింగ్ గీరుకుపోయి టర్బోలోకి వెళ్తుంది. నా పేరు ఊరికే పెట్టుకోలేదు. రోటరీలో పిస్టన్ ఇంజిన్‌లాగా "కాస్త నాక్ అయింది, పర్లేదు" అనేది లేదు.

కాబట్టి ఆ ఒక్క పైపుకి దళసరి గోడ, కొత్త క్లాంపు, వేడికి దూరంగా, దేనికీ రాసుకోకుండా. దాంట్లో టీ జాయింట్ పెట్టి బూస్ట్ గేజ్‌కి లైన్ తీసే అలవాటు ఉంటే మానుకోండి, గేజ్‌కి వేరే పోర్ట్ నుంచి తీసుకోండి.

#14 ప్లానో_రోటరీ

అమ్మో. నా బండిలో గేజ్ టీ సరిగ్గా అక్కడే ఉంది, పాత ఓనర్ పని. ఈరోజే తీసేస్తా.

దళసరి గోడ అంటే ఎంత? ఆన్‌లైన్‌లో ఒక కిట్ చూశా, 4 ఎం.ఎం. లోపలిదే కానీ గోడ 1.5 ఎం.ఎం. అంట, చాలా చవక.

#15 ఫ్రీమాంట్_బాబాయ్

దాని జోలికి పోకు. అలాంటి పల్చటిది వంపు దగ్గర నొక్కుకుపోతుంది, వాక్యూమ్ వైపు వేడెక్కి మెత్తబడ్డాక లోపలికి చప్పిడి అయిపోతుంది కూడా. బయటికి పైపు బానే ఉంటుంది, లోపల దారి మూసుకుపోయి ఉంటుంది, లీక్ టెస్ట్‌లో పాస్ అవుతుంది, బండి మాత్రం సరిగా పోదు. దాన్ని పట్టుకోవడానికి జుట్టు పీక్కోవాలి. గోడ 2.5 నుంచి 3 ఎం.ఎం. చూస్కో. మరీ లావైతే రాక్ కింద క్లిప్పుల్లో పట్టదు, అది కూడా చూసుకోవాలి. మరీ బిగుతు వంపు ఉన్నచోట తిన్నటి పైపుని బలవంతంగా వంచకుండా మోల్డ్ చేసిన ఎల్బో దొరికితే అది పెట్టు.

#16 డెట్రాయిట్_శీను

మధ్యలో దూరుతున్నందుకు సారీ, నాది సీ3 కార్వెట్, 1972. దాంట్లో హెడ్‌లైట్లు పైకి లేపేదే వాక్యూమ్, ముందు భాగం మొత్తం పైపులే, జీఎం వాళ్ళు రంగు గీతలు వేసి ఇచ్చారు ఏది ఎక్కడికో తెలియడానికి. నేనూ మార్చాలనుకుంటున్నా. పైన అన్న సిలికాన్‌లో గాలి పోతది అన్నాడు కదా, మరి నా లైట్లు రాత్రంతా నిలబడతాయా, లేక తెల్లారేసరికి వాక్యూమ్ అంతా కారిపోతుందా?

#17 జీడిమెట్ల_రబ్బర్

శీనన్నా, గోడకెళ్లి గాలి పోవుడు నిజమే గని అది చాన నిదానం. ఇంజిన్ నడుస్తుంటే పంపు లెక్క గుంజుతనే ఉంటది, తేడా తెల్వదు. బండి రోజుల తరబడి ఆపి పెడితే ట్యాంక్‌ల ఉన్నది తగ్గుతది. ఒక్క రాత్రిలనే దిగిందంటే పైపు గోడ మీద నింద వెయ్యకుండ్రి, డయాఫ్రమో చెక్ వాల్వో చూడుండ్రి. మీ బండి ముందు భాగంల వేడి గూడ తక్కువే కదా, పొడుగు లైన్లు, ట్యాంక్ లైన్లు ఈపీడీఎం వేస్తే చాలు, గాలి గూడ సిలికాన్‌కంటే తక్కువ పోతది. మీ చలికి గూడ మైనస్ 40 దాక ఆగుతది. సిలికాన్ ఫ్యాషన్ కోసం వెయ్యాల్సిన పని లేదు.

#18 సుధ_944

పైగా 1972 బండిలో నీలం సిలికాన్ చూస్తే నాకు కళ్ళు మండుతాయి. గీతలున్న రీప్రొడక్షన్ హోసులు దొరుకుతాయి శీను గారూ, అవి వేసుకోండి, అందంగా ఉంటుంది.

#19 చిలకలూరిపేట_చిన్నోడు

అక్కా ఎర్ర పైపులేస్తే 10 హార్స్‌పవర్ పెరుగుద్దంట కదా 😄

సరదాకి అన్నా కానీ ఒక డౌట్ అన్నా, ఇక్కడ షాపులో సిలికాన్ అని అమ్ముతున్నారు, అది సిలికానేనా కాదా అని ఇంట్లో ఎట్టా తెలుసుకోవాలి? మా మావయ్య స్కార్పియోకి టర్బో యాక్చుయేటర్ పైపు కొనాలి.

#20 జీడిమెట్ల_రబ్బర్

తమ్మీ, చిన్న ముక్క కోసి బయట, గాలి ఆడే కాడ, పటకారతోని పట్టుకుని అంటించు. అసలు సిలికాన్ అయితే నల్ల పొగ ఎక్కువ రాదు, కాలినంక తెల్లటి బూడిద మిగుల్తది, పొడి పొడి. రంగేసిన ఈపీడీఎం, పీవీసీ అయితే నల్లగ మసి పట్టుకుంట కాల్తది. ఇంకొకటి, పైపుని బాగ వంచి చూడు, సాగదియ్యి, అక్కడ తెల్లగ పాలిపోతే దాంట్ల చవక ఫిల్లర్ ఎక్కువ కలిపిన్రని అనుమానం పెట్టుకోవచ్చు.

వైటాన్ అని చెప్పిన ముక్కని మాత్రం ఎవ్వరూ అంటించకుండ్రి. అది కాల్తే హైడ్రోజన్ ఫ్లోరైడ్ వస్తది, మస్తు విషం. దానికి వేరే ఉపాయం, బరువు చూడు. వైటాన్ సాంద్రత 1.8 దగ్గర, సిలికాన్, ఈపీడీఎం 1.1-1.2. ఒకే సైజు ముక్కలు రెండు చేతుల పెట్టుకుంటే తేడా తెలిసిపోతది. చిక్కటి ఉప్పు నీళ్ళ గిలాసల ఈపీడీఎం, సిలికాన్ కొన్ని తేలుతయి, వైటాన్ రాయి లెక్క మునుగుతది.

#21 ప్లానో_రోటరీ

ఆర్డర్ పెట్టేశా. రాక్‌కి, యాక్చుయేటర్లకి దళసరి సిలికాన్, మూడు రంగులు. బ్రీదర్‌కి ఫ్లోరో సిలికాన్ లైనర్ ఉన్నది. రెగ్యులేటర్‌కి, ఆయిల్ నాజిళ్ళకి వైటాన్. మ్యాప్‌కి ఏం వేయాలో తేలట్లేదు.

ఇంకోటి, రెండు పాత పైపుల లోపల చిన్న ఇత్తడి ముక్కలు కనబడ్డాయి, సన్న రంధ్రంతో. చెత్తా అవి?

#22 అపెక్స్_సీల్_ఆత్మ

పారేయకు!! అవి పిల్స్, రిస్ట్రిక్టర్లు. వేస్ట్‌గేట్, ప్రీకంట్రోల్ లైన్లలో ఉంటాయి. ఆ రంధ్రం ఎంత ఉంటే దాన్ని బట్టే యాక్చుయేటర్‌కి ఎంత ప్రెషర్ చేరుతుందో, సాలెనాయిడ్ ఎంత వదిలేయగలదో తేలుతుంది. పిల్ లేకుండా పెడితే యాక్చుయేటర్‌కి ప్రెషర్ మొత్తం వెళ్ళి వేస్ట్‌గేట్ తొందరగా తెరుచుకుంటుంది, బూస్ట్ తక్కువొస్తుంది. రంధ్రం జిడ్డుతో మూసుకుపోతే ఉల్టా, బూస్ట్ ఎక్కిపోతుంది, అది ఇంకా డేంజర్. కార్బ్ క్లీనర్ కొట్టి శుభ్రం చెయ్యి, డ్రిల్ బిట్ పెట్టి గీకొద్దు, రంధ్రం పెద్దదైపోద్ది.

సిలికాన్‌లో ఇంకో తిరకాసు. అది జారుడుగా, మెత్తగా ఉంటుంది కాబట్టి పిల్ లోపల జరుగుతూ ఉంటుంది. పిల్ ఉన్నచోట పైనుంచి చిన్న టై వేసి పట్టు, అలాగని పైపు కోసుకుపోయేంత బిగించకు.

మ్యాప్‌కి నా ఓటు దళసరి సిలికానే, వేడికి గట్టిపడదు, నిపుల్‌ని వదలదు. అంచులకి రాసుకోకుండా పైన ఒక స్లీవ్ తొడుగు.

#23 జీడిమెట్ల_రబ్బర్

మ్యాప్‌కి నేను గూడ అదే అంట. చివరలు కోసేటప్పుడు కటింగ్ ప్లైయర్ తోని నొక్కి కొయ్యకుండ్రి, కొత్త బ్లేడుతోని తిన్నగ ఒక్క దెబ్బకి. ప్లైయర్ కోతల సన్న గాట్లు పడ్తయి, సిలికాన్ చీలుడు అక్కడికెళ్లే మొదలైతది. ఎక్కించనీకి సిలికాన్ గ్రీజు, సిలికాన్ స్ప్రే వాడకుండ్రి, సిలికాన్ రబ్బర్‌ల సిలికాన్ ఆయిల్ దూరి ఉబ్బుతది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రాయుండ్రి, జారుతది, ఎండిపోతది. నిపుల్ మీద పాత రబ్బర్ పొర గూడ గీకెయ్యాలె, అది ఉంటే కొత్త పైపు కింద లీకు దారి ఉంటది.

క్లాంపులకి స్ప్రింగ్ రకం మంచిది, రబ్బరు కాలంతోని సన్నబడ్డా అది గూడ దానితోని బిగుసుకుంటది. ప్లాస్టిక్ టై వేస్తే వేడికి ఆగే రకం తీసుకోండ్రి, మామూలు నైలాన్‌ది ఆ వేడికి పెళుసైతది.

#24 ఫ్రీమాంట్_బాబాయ్

చెక్ వాల్వులు కూడా ప్రతిదీ నోటితో ఊది చూడు తమ్ముడూ, ఒక వైపు పోవాలి, రెండో వైపు అస్సలు పోకూడదు. కొంచెం పోయినా మార్చెయ్. ప్రెషర్ చాంబర్ దగ్గరది లీకైతే 4500 దగ్గర నువ్వు చెప్పిన జబ్బే వస్తుంది. ముందు ఏ వైపు ఉందో ఆ వైపే మళ్ళీ పెట్టావో లేదో కూడా చూస్కో. ప్రతి యాక్చుయేటర్‌కి చేతి పంపు పెట్టి వాక్యూమ్ లాగు, ముల్లు నిలబడాలి. మానిఫోల్డ్ పైన పెట్టకముందే ఇదంతా అయిపోవాలి, పెట్టాక ఇక చెయ్యి పట్టదు.

అన్నట్టు అది తీసి ఉండగానే కింద పెట్రోల్ హోసులు మార్చెయ్. అవి కూడా అదే వేడిలో ఉన్నాయి. ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి పనికొచ్చేది, మీద ఎస్ఏఈ జే30ఆర్9 అని ప్రింట్ ఉన్నది. ఆర్7 కాదు, ఆర్7 కార్బురేటర్ బళ్ళ తక్కువ ప్రెషర్‌కి. సిలికాన్‌ని పెట్రోల్ లైన్‌లో ఎప్పుడూ పెట్టకు.

#25 ప్లానో_రోటరీ

అప్‌డేట్. అంతా పెట్టేశా. రెండు చెక్ వాల్వులు రెండు వైపులా గాలి వదులుతున్నాయి, ఒకటి ప్రెషర్ చాంబర్‌దే, బాబాయ్ చెప్పినట్టు. చార్జ్ కంట్రోల్ యాక్చుయేటర్‌కి పంపు పెడితే ముల్లు నెమ్మదిగా దిగుతోంది, అది కూడా మార్చా. పిల్స్ శుభ్రం చేసి పెట్టా. గేజ్ లైన్ వేరే పోర్ట్‌కి మార్చేశా.

మధ్యాహ్నం ఎండలో బాగా వేడెక్కించి తోలా. 10, మధ్యలో 8కి కొంచెం తగ్గి మళ్ళీ 10. ఐడిల్ కూడా దిగింది. కొత్త సాలెనాయిడ్ ఒక్కటీ కొనలేదు!

#26 అపెక్స్_సీల్_ఆత్మ

శభాష్. కొన్నాళ్ళు తోలాక మూత ఎత్తి మ్యాప్ పైపు రెండు చివరలూ ఒకసారి లాగి చూడు, మెత్తబడ్డాక టై వదులవుతుంది ఒక్కోసారి.

#27 ప్లానో_రోటరీ

చూస్తా. బ్రేక్ బూస్టర్ పైపు ఇంకా పాతదే ఉంది, దానికేం వేయాలి రబ్బర్ అన్నా?

#28 జీడిమెట్ల_రబ్బర్

దానికి ప్రయోగాలు వద్దు. ఎస్ఏఈ జే1403 అని ప్రింట్ ఉన్న బ్రేక్ వాక్యూమ్ హోస్, లేకపోతే డీలర్ కాడ ఒరిజినల్. గోడ దళసరి ఉంటది, లోపలికి చప్పిడి గాదు. హీటర్ పైపు ముక్క కోసి పెట్టినోళ్ళని చూసిన, అట్ల చెయ్యకుండ్రి.

#29 డెట్రాయిట్_శీను

నేను ఈపీడీఎం గీతలదే ఆర్డర్ పెడుతున్నా. సైజ్ ఎంత పెట్టాలో ఎవరికైనా తెలుసా, నా బండిలో పాత పైపులు సగం లేనే లేవు, కొలవడానికి.

#30 సుధ_944

నిపుల్ బయటి కొలత వెర్నియర్‌తో చూడండి, హోస్ లోపలి కొలత దానికంటే కాస్త తక్కువ ఉండాలి. నిపుల్ చివర ఉబ్బు దగ్గర కాదు, దాని వెనక సన్నగా ఉన్నచోట కొలవండి. లైట్ల దగ్గర, ట్యాంక్ దగ్గర సైజులు వేరువేరుగా ఉండొచ్చు, అన్నీ ఒకటే అనుకుని ఒకే రోల్ కొనేయకండి.